గార్డుగారు పెట్టిన కాఫీ

పెళ్ళయి ఆ ఇంటికి వెళ్ళిన మర్నాడు పొద్దున్నే మా మామయ్య నాకు కాఫీ పెట్టడం నేర్పారు.

"ఇలా రామ్మా," అని వంటింట్లోకి పిలిచారు. కిటికీ వెలుతురు పడేచోట గట్టు మీద నల్లటి కాఫీ మిషన్ ఉంది. వెనక నీళ్ళ తొట్టి, ముందు గాజు జగ్గు, ఆ జగ్గులోకి తొంగి చూస్తున్నట్టుగా పైన ఒక బుట్ట. మామయ్య చొక్కా చేతులు మడిచారు. గొంతు సవరించుకున్నారు. చూపుడువేలితో స్విచ్ నొక్కారు. ఎర్ర లైటు వెలిగింది.

"అంతే," అన్నారు.

"అంతేనా మామయ్యా?"

"అంతే. ఇక దాని పని అది చేసుకుంటుంది. మనం తొందరపడకూడదు. చాలామంది ఇక్కడే పాడు చేసుకుంటారు."

నేను బుద్ధిగా తలూపాను. మిషన్ కాసేపు గమ్మున ఉంది. తరవాత లోపలెక్కడో సణుగుడు మొదలైంది. ఒక్కో చుక్కా జగ్గులో పడుతుంటే వంటిల్లంతా వాసన నిండింది. నాకు నవ్వాగలేదు. ఆ రోజుల్లో నాకు దేన్ని చూసినా సంబరమే. ఒకే గ్లాసులో రెండు బ్రష్షులు ఒకదాని మీద ఒకటి వాలి ఉన్నా సంబరమే, తీగ మీద మా ఆయన చొక్కా పక్కన నా చీర ఆరుతున్నా సంబరమే. నలుగురిలో ఆయన్ని "మీరు" అని, తలుపు వేసుకోగానే "నువ్వు" అనడం అన్నిటికన్నా పెద్ద సంబరం.

నిజానికి ఆ ఇంట్లో సంబరానికి చోటు లేదు. మా అత్తయ్యకి బాగా లేదనే మా పెళ్ళి అంత హడావిడిగా చేశారు. మందులు ఆపేసి, ఆవిడకి ఏది తినాలనిపిస్తే అది పెట్టమని డాక్టరు చెప్పేశాడు. వెలుతురు బాగా వస్తుందని ముందు గదిలోనే ఆవిడ మంచం వేశారు. మా ఆయనకి ఉద్యోగం వేరే ఊళ్ళో. వంతెనలు కట్టే కంపెనీలో ఇంజనీరు. ఉన్న సెలవంతా పెట్టుకుని వచ్చాడు. నెలాఖరుకి మేమిద్దరం వెళ్ళిపోవాలి.

మామయ్య కప్పులో కాఫీ పోసి, కాసిని పాలు కలిపి, రెండు చేతులతో పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళారు.

"ఏమోయ్, బండొచ్చింది."

"సరైన టైముకే వచ్చింది గార్డుగారూ," అన్నారు అత్తయ్య.

మామయ్య జీవితమంతా రైల్లో గార్డుగా పనిచేసి రిటైరయ్యారు. ఆయన పచ్చజెండా ఊపితే బండి కదిలేది. ఇంట్లో కూడా అత్తయ్య ఆయన్ని గార్డుగారనే పిలిచేవారు. ఆయన కాఫీ గురించి పెళ్ళిచూపుల నాడే మా ఇంట్లో తెలిసిపోయింది. "మా ఇంట్లో పొద్దున్న కాఫీ నేనే పెడతానండీ, ఆవిడకి మంచం దగ్గరికి తీసుకెళ్ళి ఇస్తాను," అని మా నాన్నతో చెప్పారు. వాళ్ళు వెళ్ళాక మా నాన్న అమ్మతో, "కట్టుకున్నదానికి కాఫీ పెట్టి ఇచ్చే మనిషి పెంచిన కొడుకు. ఇంకేం చూడాలి," అన్నారు. అలా నా పెళ్ళి సగం ఆ కాఫీ వల్లే కుదిరింది.

ఆ సాయంత్రం మామయ్య నడకకి వెళ్ళగానే అత్తయ్య నన్ను పిలిచారు.

"మీ మామయ్య కాఫీ పెట్టడం నేర్పారట?"

"నేర్పారత్తయ్యా."

"ఏం నేర్పారు?"

"స్విచ్ నొక్కడం."

ఆవిడ నవ్వబోయి దగ్గారు. నేను వీపు నిమిరాను. ఆయాసం తగ్గాక, "వెళ్ళి ఆ మిషన్ మూత తీసి, బుట్టలో ఏముందో చూసి రా," అన్నారు.

చూశాను. తడిసిన కాగితంలో, నీళ్ళోడిపోయిన కాఫీ పొడి ముద్ద. వెనక తొట్టి ఖాళీ.

"అది పడేసి, బుట్ట కడుగు," మంచం మీద నుంచే ఆగి ఆగి చెప్పారు అత్తయ్య. "వడకట్టే కాగితాలు పై అరలో ఉన్నాయి. ఒకటి తీసి, అతుకు ఉన్న అంచు మడిచి బుట్టలో పెట్టు. మడవకపోతే నిలబడదు, పొడి పక్కల నుంచి జారిపోతుంది. పొడి చెంచాతో వెయ్యి. చెంచా మీద గుట్ట ఉండకూడదు, వేలితో చదును చెయ్యి. జగ్గు మీద గీతలున్నాయి, ఎన్ని కప్పులు కావాలో ఆ గీతదాకా నీళ్ళు పట్టి వెనక తొట్టిలో పొయ్యి. వేడినీళ్ళు పొయ్యకు, చన్నీళ్ళే."

నేను ఒక్కొక్కటీ చేసి, చేశానని కేకేశాను.

"జగ్గు సరిగ్గా బుట్ట కిందికి తోశావా? లేకపోతే పొద్దున్నే గట్టంతా కాఫీ అవుతుంది. ఇప్పుడు కప్పు తీసి, అడుగున చక్కెర వేసి మూత పెట్టు. స్విచ్ మాత్రం నొక్కకు."

వచ్చి ఆవిడ పక్కన కూర్చున్నాను. నాకు కథ అర్థమవుతోంది.

మామయ్య రిటైరైనప్పుడు తోటివాళ్ళు ఆ మిషన్ బహుమతిగా ఇచ్చారట. ఇంటికి తెచ్చిన సాయంత్రం అత్తయ్య దాంతో వచ్చిన వివరాల కాగితం చదివి, అన్నీ సర్ది, పొద్దున్న చూద్దాంలే అని వదిలేశారట. మర్నాడు ఆవిడకన్నా ముందు మామయ్య లేచారు. డ్యూటీ లేని మొదటి రోజు, ఏం చెయ్యాలో తోచలేదు. వంటింట్లోకి వెళ్ళి స్విచ్ నొక్కారు. కాఫీ వచ్చింది. కప్పులో పోసి తెచ్చి ఆవిడ మంచం పక్కన నిలబడ్డారు.

"నా సంసారంలో ఒకళ్ళు నాకు కాఫీ తెచ్చివ్వడం అదే మొదలు," అన్నారు అత్తయ్య. "ఆయన ముఖం చూడాల్సింది. సొంతంగా రైలుబండి తయారుచేసినట్టు. నీళ్ళూ పొడీ నేనే పెట్టానని ఎలా చెప్పను? చెప్తే మర్నాటి నుంచి కాఫీ తెచ్చిచ్చేవారా? గమ్మునూరుకుని, ఆయన నడకకి వెళ్ళినప్పుడల్లా సర్దిపెట్టడం మొదలుపెట్టాను. అదే అలవాటైపోయింది."

"మరి మామయ్యకి అనుమానం రాలేదా?"

"నేను మిషన్ కడుగుతున్నాననుకుంటారు. ఆయన లెక్కలో కడగడం వేరు, కాఫీ పెట్టడం వేరు. జెండా ఊపేవాడికి బొగ్గెవరు వేశారో ఎందుకు చెప్పు."

ఇద్దరం నవ్వుకున్నాం. నవ్వు ఆగాక ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. చెయ్యి చాలా తేలిగ్గా ఉంది.

"నిన్న గోడ పట్టుకుని వెళ్ళి సర్దొచ్చాను. ఇక నా వల్ల కాదు. మీరున్నన్నాళ్ళూ నువ్వు పెట్టు. తరవాత? మీరు వెళ్ళిపోయి, నేనూ పోయాక, ఆయన స్విచ్ నొక్కితే ఏమొస్తుంది? ఎర్ర లైటొస్తుంది." నా చెయ్యి ఇంకాస్త దగ్గరికి లాక్కున్నారు. "ఆయనకి నేర్పు. నేనుండగానే నేర్పు. నిజంగా ఆయన చేత్తో పెట్టిన కాఫీ ఒక్కసారి తాగాలని ఉంది. కానీ ఇన్నాళ్ళూ పెట్టింది తను కాదని ఆయనకి తెలియకూడదు. చాలా చిన్నబుచ్చుకుంటారు."

"రెండూ ఎలా కుదురుతాయత్తయ్యా?"

"కాలేజీ దాకా చదువుకున్నావుగా. ఆలోచించు."

ఆలోచించాను. మర్నాడు మామయ్య స్విచ్ దగ్గరికి రాగానే అమాయకంగా ముఖం పెట్టి, "మామయ్యా, అసలు ఇందులో నీళ్ళు ఎక్కడి నుంచి వస్తాయి?" అని అడిగాను.

"అది మీ అత్తయ్య చూసుకునేది. ఇప్పుడు నువ్వు చూస్తున్నావుగా. కడిగినప్పుడు నింపుతారు."

"ఎంత పోస్తారో మీకు తెలుసా?"

"చూడమ్మా, గార్డు ఇంజనెక్కడు. డ్రైవరు వెనక పెట్టెకి రాడు. ఎవరి పని వాళ్ళది. అందుకే బళ్ళు నడుస్తున్నాయి," అని స్విచ్ నొక్కారు.

ఇంకో రోజు, చెయ్యి నొప్పిగా ఉంది, పొడి కాస్త మీరు వెయ్యండి మామయ్యా అన్నాను. ఆయన కంగారుపడి, చేతికి రాసుకునే నూనె సీసా తెచ్చిచ్చి, ఆ సాయంత్రం నన్ను ఏ పనీ ముట్టుకోనివ్వలేదు. మా ఆయనే సర్దాల్సి వచ్చింది. సర్దుతూ సర్దుతూ నాకు దాని మర్మం చెప్పాడు.

"ఇందులో మోటారు లేదు తెలుసా?"

"మరి నీళ్ళు పైకి ఎలా ఎక్కుతాయి? ఎవరు తోస్తారు?"

"ఎవరూ తొయ్యరు. తొట్టి అడుగున కన్నం ఉంటుంది. నీళ్ళు అందులోంచి సన్నటి గొట్టంలోకి దిగుతాయి. ఆ గొట్టానికి వేడి తీగ అంటుకుని ఉంటుంది. కింద జగ్గుని వెచ్చగా ఉంచేదీ అదే. గొట్టంలో నీళ్ళు మరిగి బుడగలవుతాయి. ఆ బుడగలు పక్కనున్న నీళ్ళని నెట్టుకుంటూ పైకి పోతాయి. మనకి వినపడే గుడగుడ అదే. పైనుంచి పొడి మీద పడతాయి, కాగితంలోంచి దిగి జగ్గులోకి వస్తాయి."

"కిందికి, తొట్టిలోకి ఎందుకు పోవు?"

"దారిలో చిన్న తలుపులాంటిది ఉంటుంది. ఒకవైపే తెరుచుకుంటుంది. ఒకసారి దాటాక నీళ్ళు వెనక్కి రాలేవు."

ఆ మాట అని మా ఆయన ఆగిపోయాడు. ముందు గదిలో వాళ్ళమ్మ దగ్గు వినపడుతోంది. నేను తడిచేతుల్తోనే వెనక నుంచి పట్టుకున్నాను. చాలాసేపు అలాగే నిలబడ్డాం. చొక్కా మీద నా వేళ్ళ తడి మరకలు పడ్డాయి.

రోజులు తరిగిపోతున్నాయి. అత్తయ్య అన్నం మానేశారు. పొద్దున్న కాఫీ మాత్రం కావాలనేవారు. తెచ్చాక రెండు చెంచాలు తాగి చాలనేవారు. మామయ్య ఆ మిగతాది మంచం పక్కన కూర్చుని తాగేవారు. "ఇవాళ బాగా కుదిరింది కదూ," అనేవారు. "మీరు పెడితే ఎప్పుడు కుదరలేదు," అనేవారావిడ. గుమ్మం దగ్గర నిలబడి నేను ఆ మాటలు వింటూ, పెళ్ళంటే ఇలా ఉండాలని మురిసిపోయేదాన్ని. మరుక్షణం ఆవిడ మెడ దగ్గర ఎముకలు కనపడి మనసు కిందికి జారిపోయేది.

ఒక సాయంత్రం నేను బుట్ట కడగబోతుంటే పిలిచారు.

"ఇవాళ పెట్టకు."

"అదేంటత్తయ్యా?"

"నేర్పమన్నాను, నేర్పలేకపోయావు. ఆయన నేర్చుకునే మనిషి కాదని నాకూ తెలుసు. తెలిస్తే తెలియనీ. ఖాళీగా ఉంచు. కాఫీ రాకపోతే ఏం చేస్తారో చూద్దాం. నాకిక ఆగే వ్యవధి లేదు."

"పొద్దున్న నన్ను పిలిస్తే?"

"నిద్రపో. కొత్త పెళ్ళికూతురివి. పొద్దెక్కేదాకా పడుకున్నా ఎవరూ ఏమీ అనరు."

నిద్రెక్కడ పడుతుంది. తెల్లవారగానే వంటింట్లో స్విచ్ చప్పుడు వినపడింది. తరవాత సన్నటి సుయ్‌మనే చప్పుడు. గుడగుడ లేదు. మళ్ళీ స్విచ్ చప్పుడు, మళ్ళీ నిశ్శబ్దం. మూత తెరిచిన చప్పుడు. కొళాయి. డబ్బా. ఇంకోసారి స్విచ్. ఈసారి గొంతులో ఏదో అడ్డం పడ్డట్టు మిషన్ రెండుసార్లు గరగరలాడి ఆగిపోయింది. నేనింక పడుకోలేకపోయాను.

మామయ్య కాఫీ పొడి డబ్బా చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నారు. వెనక తొట్టి నిండా బురద. నీళ్ళూ పొడీ రెండూ అందులోనే పోసేశారు. బుట్ట తెల్లగా, పొడిగా ఉంది.

"రాలేదమ్మా," అన్నారు. "మీ అత్తయ్య మూత తీసి ఏదో పోస్తుండగా చూశాను. అలాగే పోశాను."

ఆయన బుట్ట లాగి, అందులో వేలు పెట్టి చూశారు.

"పొడి ఇందులోనా?"

"ఇందులో కాగితం పెట్టి, కాగితంలో పొడి. వెనక నీళ్ళు మాత్రమే మామయ్యా."

"ఎంత పొడి, ఎన్ని నీళ్ళు, అదంతా..."

"అత్తయ్యే."

"రోజూ?"

"రోజూ."

ఆయన స్టూలు మీద కూర్చున్నారు. డబ్బా ఒళ్ళో పెట్టుకున్నారు. పొద్దున్న కాఫీ తనే పెడతానని కూరగాయలమ్మే ఆవిడకి చెప్పారు, పోస్టుమ్యాన్‌కి చెప్పారు, మా నాన్నకి చెప్పారు. అదంతా ఆయన ముఖంలో ఒకదాని వెనక ఒకటి కదులుతుంటే నాకు చూడబుద్ధి కాలేదు.

"అయితే నేను ఊరికే జెండా ఊపానన్నమాట," అన్నారు చివరికి.

అప్పుడు ముందు గదిలోంచి అత్తయ్య గొంతు, సన్నగా వచ్చింది.

"గార్డుగారూ, బండి లేటా?"

మామయ్య భుజంతో కళ్ళు తుడుచుకున్నారు. గొంతు సవరించుకున్నారు, మొదటి రోజు నాకు పాఠం చెప్పినప్పటిలాగే.

"సిగ్నల్ పడలేదోయ్. వస్తోంది." తరవాత నావైపు వంగి మెల్లగా, "నాకు తెలిసిపోయిందని తనకి చెప్పకు. చాలా బాధపడుతుంది," అన్నారు.

ఆవిడా అదే మాట అన్నారు ఆయన గురించి. ఇద్దరి మధ్యా నేనొక్కదాన్నే నిలబడ్డాను, సరేనని తలూపాను.

"మిషన్ లేకుండా కుదరదా?" అన్నారు.

"కుదురుతుంది మామయ్యా. అది చేసేది కూడా ఇంతే. పొడి మీద వేడినీళ్ళు మెల్లగా పోస్తుంది."

బుట్ట జగ్గు మీద కూర్చోబెట్టాం. కాగితం అతుకు మడిచి పెట్టమని చెప్పాను. ఆ లావుపాటి వేళ్ళతో మడవబోతే మొదటిది చిరిగింది, రెండోది కుదిరింది. పొడి వేసి, చెంచా మీద గుట్టని వేలితో చదును చేశారు. పొయ్యి మీద గిన్నెలో నీళ్ళు మరిగాయి. దించి, తెర్లు ఆగనిచ్చాం. నేను పోస్తానంటే గిన్నె ఇవ్వలేదు. గరిటెతో కాసిని నీళ్ళు తీసి పొడి మీద చుట్టూ తిప్పుతూ పోశారు. పొడి ఉబ్బి పైకి లేచింది. మళ్ళీ గరిటె ముంచబోయి, తనే ఆగారు.

"తొందరపడకూడదు," అన్నారు తనతో తనే.

ఒక గరిటె, అది దిగేదాకా ఆగడం, ఇంకో గరిటె. ఆయన ముక్కు మీద చెమట పట్టింది. జగ్గులో చుక్కలు ఒక్కొక్కటే పడుతున్నాయి. లోపలి గుమ్మం దగ్గర మా ఆయన వచ్చి నిలబడ్డాడు. వేలు పెదవుల మీద పెట్టి ఆగమన్నాను.

మామయ్య కప్పు నింపి, కాసిని పాలు పోసి, రెండు చేతులతో పట్టుకుని ముందు గదిలోకి వెళ్ళారు.

"ఏమోయ్, బండొచ్చింది."

"కూత వినపడలేదే ఇవాళ."

"బయట మంచు పట్టింది. మెల్లగా వచ్చేసింది."

తల కింద చెయ్యి పెట్టి లేపి, చెంచాతో పట్టారు. అత్తయ్య కళ్ళు మూసుకుని మింగారు. మళ్ళీ నోరు తెరిచారు. రెండు చెంచాల దగ్గర ఆగలేదు. ఒక్కో చెంచాకీ ఆయాసపడుతూ, ఆగుతూ, చివరికి కప్పు ఖాళీ చేశారు.

"బాగుందా?" అన్నారు మామయ్య.

"చాలా బాగుంది."

"రోజూ పెట్టినట్టే పెట్టాను."

"తెలుసు," అన్నారావిడ. అంటూ ఆయన భుజం మీదుగా నన్ను చూశారు. ఆ చూపు నా పెళ్ళిలో ఎవరూ ఇవ్వని బహుమతి.

వంటింట్లోకి వచ్చి జగ్గులో మిగిలింది మామయ్యకీ నాకూ చెరి కాస్త పోసి, పాలు కలిపాను. నోట్లో పెట్టుకోగానే ముఖాలు చూసుకున్నాం. చేదు విషం. అత్తయ్యకిచ్చిన కప్పు అడుగునా చక్కెర లేదని అప్పుడు తట్టింది. సాయంత్రం వేసి పెట్టేది ఆవిడే, తరవాత నేను. ఆ రోజు మిషన్‌తోపాటు కప్పూ ఖాళీగానే ఉండిపోయింది.

"మొత్తం తాగేసింది," అన్నారు మామయ్య. "ఒక్క మాటైనా అనలేదు."

ఆయన తన కప్పులో చక్కెర వేసుకోలేదు. నిలబడి ఆఖరి చుక్కదాకా తాగారు.

తరవాత ఇంకొన్ని పొద్దుటిపూటలు దక్కాయి. గరిటెతో, చక్కెర వేసి మరీ పెట్టారు. ఆవిడ పెదవులు తడుపుకోవడమే తప్ప మింగలేకపోయేవారు. ఒక మధ్యాహ్నం, కిటికీ ఎండ మంచం మీదికి వచ్చి మళ్ళీ తప్పుకునేలోపు, అత్తయ్య వెళ్ళిపోయారు. మామయ్య అప్పుడు ఆవిడ కాళ్ళు ఒత్తుతున్నారు. చాలాసేపు ఒత్తుతూనే ఉన్నారు. మా ఆయన వెళ్ళి చేతులు పట్టుకుని ఆపాడు.

వచ్చినవాళ్ళందరూ వెళ్ళాక, మా ఆయన ఆ మిషన్ బోర్లించి అడుగు విప్పాడు. గొట్టం మొదట్లో ఉన్న ఆ చిన్న తలుపు దగ్గర పొడి ఇరుక్కుని గట్టిపడిపోయింది. పుల్లతో తీసి, సగం నీళ్ళూ సగం వెనిగరూ పోసి నడిపాడు. తరవాత ఉత్త నీళ్ళతో, పులుపు వాసన పోయేదాకా. లోపల పేరుకున్న తెల్లటి సున్నం పెచ్చులు పెచ్చులుగా వచ్చింది. మామయ్య పక్కనే స్టూలు మీద కూర్చుని అంతా చూశారు. ఏది ఎందుకని అడిగి తెలుసుకున్నారు. గార్డు ఇంజనెక్కినట్టే.

మేం బయల్దేరాల్సిన ముందురోజు సాయంత్రం ఆయన నడకకి వెళ్ళలేదు. "మీరిద్దరూ అలా కాసేపు తిరిగి రండి," అని మమ్మల్ని పంపించేశారు. మేం చేతులు పట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళొచ్చాం. ఆ దుఃఖంలోనూ మా ఆయన చెయ్యి నా చేతిలో ఉండటం నాకు సంతోషంగానే ఉంది.

పొద్దున్న లేచేసరికి మామయ్య ముందు గదిలో పేపరు చదువుతున్నారు. మంచం తీసేసిన చోట గచ్చు మిగతా గదికన్నా తెల్లగా ఉంది.

"లేచావా? కాఫీ పెట్టమ్మా," అన్నారు పేపర్లోంచి తలెత్తకుండా.

వంటింట్లోకి వెళ్ళి మిషన్ మూత ఎత్తాను. తొట్టిలో గీతదాకా నీళ్ళు. బుట్టలో కాగితం, అతుకు శుభ్రంగా మడిచి ఉంది. పొడి చదునుగా పరిచి ఉంది. పక్కన మూడు కప్పులు. రెండింటి అడుగున చక్కెర ఉంది, మూడోదాంట్లో లేదు.

చప్పుడు కాకుండా మూత దించాను. స్విచ్ నొక్కాను. ఎర్ర లైటు వెలిగింది.

చక్కెర లేని కప్పు మామయ్య పక్కన పెట్టి, ఇంకో కప్పు రెండు చేతులతో పట్టుకుని మా గదిలోకి వెళ్ళాను. మా ఆయన అప్పుడే కళ్ళు తెరుస్తున్నాడు. నన్నూ, కప్పునీ చూసి లేచి కూర్చున్నాడు. ఆ ఇంట్లో వాళ్ళమ్మ పోయాక అతను నవ్వడం అదే మొదలు.

"నువ్వు పెట్టావా?" అన్నాడు.

ముందు గదిలో పేపరు చప్పుడు ఆగిపోయింది.

"ఊఁ," అన్నాను. "నేనే పెట్టాను."